పదకొండు ఒకట్లు

పదకొండు ఒకట్లను పక్కపక్కన రాస్తే పదకొండు వందల కోట్లు దాటిన సంఖ్య వస్తుంది. దాన్ని విరగ్గొట్టింది మేమిద్దరం, నేనూ మా నాయనా. ఈ మాట చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు, ఉన్నదంతా గర్వమే.

పోలీసు చర్య జరిగిన నాలుగేళ్లకు కోఠీలో కాలేజీలో చేరాను. నాంపల్లి నుంచి అబిడ్స్ మీదుగా నడిచి పోయేదాన్ని. నా మార్కులు లెక్కలకు చాలవని, దసరా దాకా మాత్రమే క్లాసులో కూర్చోనిస్తానని లెక్కల సార్ ముందే చెప్పారు. తొలి వారంలోనే ఆ ఒకట్లు బోర్డు మీద రాసి, "ఇది దేనికీ లొంగదు" అన్నారు.

"అన్నిటితోనూ భాగించి చూశారా సార్?" అని లేచి అడిగాను. నా నోరు ఊరుకోదు కదా! క్లాసంతా నవ్వింది, సార్ నవ్వలేదు.

"దసరాలోగా దీన్ని భాగించేదాన్ని పట్టుకురా. తెస్తే లెక్కల్లో ఉంటావు, లేదంటే చరిత్ర క్లాసుకు పో" అన్నారు. అయినా పెద్దమనిషి, ఒక దారి చూపించారు. దీన్ని భాగించేది ఏదైనా సరే, ఇరవై రెండుతో భాగిస్తే ఒకటి మిగలాలట. అంటే అట్లాంటి ప్రధాన సంఖ్యల్లో ఇరవై మూడు, అరవై ఏడు, ఎనభై తొమ్మిది, ఇట్లా వెతుక్కుంటూ పోవాలి.

నాయన నాంపల్లి స్టేషన్లో పార్సిల్ గుమాస్తా. ఉర్దూ బడిలో నాలుగో తరగతి దాకా చదివాడు. సంగతి విని, "ఇద్దరం జేద్దాం తియ్ బిడ్డా. ఎన్నున్నా ఒడువక ఏడికి పోతయి?" అన్నాడు. పొద్దున తాను మొదలుపెట్టి, డ్యూటీ వేళకు సగంలో ఉన్న భాగహారం అట్లాగే వదిలి పోయేవాడు. కాలేజీ నుంచి వచ్చి నేను ముగించేదాన్ని. నా కోసం కష్టపడి ఇంగ్లీషు అంకెలే వేసేవాడు.

భాగిస్తూ భాగిస్తూ ముప్పై వేల సంఖ్య దాటాం. ఒక్కటీ నిశ్శేషంగా పోలేదు. దసరా ఇంక నాలుగు రోజులు. కాగితాలు నేలకేసి కొట్టి ఏడ్చాను. "సారే గెలిచిండు నాయనా!"

"జర ఆగు. మా ఆఫీసుల గిట్లనే అయితది. పార్సిల్ తక్కువొస్తే ఒక్కని చేతుల ఉన్న కాడ ఎతకం, చేతులు మారిన కాడ ఎతుకుతం" అన్నాడు.

ఇద్దరి చేతివ్రాతా ఉన్న కాగితాలు మాత్రం వేరు చేశాం. ఆదివారం పొద్దున నాయన తన సగం పైకి చదువుతుంటే నేను నా సగం చూసుకుంటున్నాను.

"ఇరవై ఒక్క వేల ఆరు వందల నలభై తొమ్మిది. నేను ఇడిచింది ఏడు వేల పన్నెండు కాడ."

"ఏడు వందల పన్నెండు కదా?"

నాయన వేలు పెట్టి చూపించాడు. ఏడుకూ ఒకటికీ నడుమ చిన్న చుక్క. ఉర్దూలో సున్నా అంటే చుక్కే. డ్యూటీ తొందరలో చెయ్యి పాత అలవాటుకు పోయింది. నేను సిరా మరక అనుకుని దాటేశాను.

అక్కడి నుంచి మళ్లీ చేశాను. అయిదు వేల చిల్లర మిగిలింది, తర్వాత ఎనిమిది వేల చిల్లర, తర్వాత పంతొమ్మిది వేల చిల్లర. ఆఖరికి ఏమీ మిగల్లేదు.

"మల్ల జెయ్" అన్నాడు నాయన. మళ్లీ చేశాను. ఏమీ మిగల్లేదు. సంతోషం పట్టలేక నాయన భుజం మీద పడి ఏడ్చాను.

మరునాడు బోర్డు మీద 21649 అనీ, దాని పక్కన 513239 అనీ రాశాను. సార్ నన్ను నమ్మక తానే గుణించారు. కుడి నుంచి ఎడమకు ఒకట్లు పడుతుంటే క్లాసంతా పైకి లెక్కపెట్టింది. పదకొండో ఒకటి పడ్డాక సార్ చాక్‌పీసు కింద పెట్టి, హాజరుపట్టీలో నా పేరు పక్కన లెక్కలు అని రాశారు.

"ఎవరు సాయం చేశారమ్మా? ఏ కాలేజీలో లెక్చరరు?" అని అడిగారు.

"నాంపల్లి టేషన్ల పార్సిల్ గుమాస్తా సార్. మా నాయన!"

ఎంత గట్టిగా చెప్పానంటే, పక్క క్లాసు వాళ్లు కూడా తొంగి చూశారు.