గోనెసంచి, పిల్లి సారు

1996 జూలై ముసురుకు మా చిక్కడపల్లి వరండా అంతా తడిసిన గోనెసంచి వాసన. అశోక్ నగర్ కోచింగ్ నుంచి వచ్చిన మనవరాలు ఆ సంచి మీదే కాళ్ళు తుడుచుకుంటూ, ఆ రోజు నేర్చుకున్న ఇంగ్లీషు జాతీయం చెప్పింది: సంచిలోంచి పిల్లిని వదలడం, అంటే రహస్యం బయటపెట్టడం. పూర్వం ఇంగ్లండు సంతల్లో పందిపిల్ల అని చెప్పి సంచిలో పిల్లిని కట్టి అమ్మేవారట, విప్పితే మోసం బయటపడేదట.

యాభై ఏళ్ళ కిందట, నా పన్నెండో ఏట, నారాయణగూడలో ట్యూషన్ సారు ఇదే కథ చెప్పాడు. పెంకుల మీంచి వాననీళ్ళు కారుతుండగా, పక్కింట్లో కాలుతున్న సర్వపిండి వాసనకు నోరూరుతుండగా, చాపల మీద కూర్చున్న మాకు ఆయన కర్త, కర్మ, క్రియ విడగొట్టి, చివర ఈ సంత సంగతి చెప్పాడు. మా నాయనమ్మ, వంటింట్లో దూరి పాలు తాగిన పిల్లినల్లా గోనెసంచిలో కట్టించి కాచిగూడ అవతల వదిలించేది. అది దారిపొడవునా అరిచేది. అందుకే అడిగాను.

"సార్, సంచిల పిల్లి అరవదా? కొనేటోనికి చెవులుండవా?"

"ఏందే, ఇంగ్లండుల పుట్టినవా? ఇగ నుంచి అందరు దీన్ని పిల్లిసంచి అని పిలువుండ్రి."

పిలిచారు, చిక్కడపల్లి దాకా వెంటబడి మరీ. అది మా నాన్న చెవిన పడింది.

"రోడ్డు మీద పేరు పెట్టించుకునే చదువు మనకొద్దు బిడ్డా. బోనాలు అయినంక బంద్ చేద్దం."

బోనాలకు ముందే ఇంకో పిల్లి పాలు తాగింది. నేను వదిలివస్తానని సంచి భుజాన వేసుకుని, కాచిగూడ వైపు కాక, నేరుగా ట్యూషన్‌కు వెళ్ళాను.

"సార్, పందిపిల్ల. అగ్గువ ధరకు ఇస్త, కొంటరా?"

సంచి వీధి చివరకు వినబడేలా అరిచింది.

"పందికి సర్ది అయినట్లున్నది సార్," అన్నారెవరో వెనుక నుంచి.

నవ్వులకు ఉడికిపోయిన సారు తన చేత్తోనే ముడి లాగాడు. పిల్లి ఆయన టోపీ మీదికి దూకి, సిరాబుడ్డి ధోవతి మీదికి తన్ని, కిటికీలోంచి పోయింది. ఆ సాయంత్రానికి ఆయన పిల్లి సారయ్యాడు. విషయం విని నాన్న నవ్వి, చదువు మాన్పించే మాట మళ్ళీ ఎత్తలేదు. ఎన్నో ఏళ్ళ తర్వాత "పిల్లి సారు పోయిండట" అని ఎవరో చెబితే, ఆ పేరు నేను సరిదిద్దలేదు.

ఆ ట్యూషన్ పెంకుటిల్లు ఉన్నచోట ఇప్పుడు హాస్టల్ ఉంది. సర్వపిండి వాసన లేదు, చాపలు లేవు. పోనిది ఆ కథ ఒక్కటే. సంచిలో పిల్లి అరవదా అని మనవరాలూ అడిగిందట. కోచింగ్ సారు దాని మీద క్లాసంతటినీ నవ్వించాడట.

గోనెసంచి ఉతికి ఆరేశాను. మేడ మీదికి వచ్చే పిల్లిని మచ్చిక చేసుకోవడానికి రెండు రోజులుగా పాలు పోస్తున్నాను.