చెల్లెలి కోసం కట్టిన భాష

మా చెల్లెలికి నత్తి. ఈ ముక్క ముందే చెప్పేస్తే మంచిది, ఎందుకంటే మా ఇంట్లో ఎవరూ ఆ మాట పలికేవాళ్లు కాదు. "పిల్లకి మాట కొంచెం నిదానం" అనేది అమ్మ. ఎనిమిదేళ్లు దాటినా అదే నిదానం. క, ట, ప, త లాంటివి మాట మొదట్లో వస్తే చాలు, గొంతులో గడియ పడేది. కళ్లు పెద్దవి చేసి, మెడ ముందుకు చాచి, ఆ ఒక్క అక్షరం కోసం పెనుగులాడేది. చూసేవాళ్లకు జాలేసేది. నాకు కోపం వచ్చేది. చెల్లెలి మీద కాదు, ఆ జాలిపడేవాళ్ల మీద.

తొంభైల చివర్లో మేం అనంతపురం జిల్లా నుంచి కొండాపూర్ వచ్చాం. నాయన సెంట్రింగ్ మేస్త్రీ. మాదాపూర్ వైపు కంప్యూటర్ కంపెనీల కోసం లేస్తున్న భవనాల్లో పని. ఊరి నడుమ ఒక పెంకుటింట్లో ముందు గది కిరాయికి తీసుకున్నాం. వెనక భాగంలో ఇంటావిడ, ఆమె మూడు బర్రెలు ఉండేవి. ఆమెను మేం అవ్వ అనేవాళ్లం. అప్పటి కొండాపూర్‌లో బర్రెలకు ఉన్న మర్యాద కార్లకు లేదు.

బడిలో ఆడపిల్లలంతా క భాష మాట్లాడుకునేవాళ్లు. ప్రతి అక్షరం ముందూ ఒక క పెట్టడమే దాని కిటుకు. పెద్దవాళ్లకు అర్థం కాకుండా గుసగుసలాడుకోవడానికి మన పిల్లలు ఎప్పటినుంచో వాడుతున్న భాషే అది. ఒక్క క దాటడమే గండమైన మా చెల్లెలికి అన్ని క లు దాటడం అయ్యే పనేనా? పాపం, గుంపు పక్కన నిలబడి వాళ్ల మూతుల వంక చూసేది. నాకు ఒళ్లు మండింది. "వాళ్ల భాష ఎవరికి కావాలి? మనమే ఒకటి చేసుకుందాం" అన్నాను. నాకప్పుడు పన్నెండేళ్లు. భాష చేయడమంటే కజ్జికాయలు చేసినంత తేలిక అనుకున్నాను.

ముందు శబ్దాలు ఏరాం. తనతో ఒక్కో అక్షరం పలికించి, సాఫీగా వచ్చినవి పలక మీద ఒక వైపు, అడ్డం పడినవి మరో వైపు రాశాను. అచ్చులన్నీ వచ్చాయి. మ, న, ల, వ, య వచ్చాయి. స ఒకరోజు వచ్చేది, ఒకరోజు మొరాయించేది. అందుకని దాన్ని మాట మధ్యలోకి రానిచ్చాను కానీ మొదట్లోకి రానివ్వలేదు. నీళ్లు లూమ. అన్నం నైవు. వాన యాలీస. బర్రె ఓమలు. అమ్మ మాత్రం అమ్మే. అంతకంటే మెత్తటి మాట మాకు దొరకలేదు.

తర్వాత వ్యాకరణం. మాటను రెండుసార్లు అంటే బహువచనం, మూడుసార్లు అంటే మంద. కాలాలకు వేరే ప్రత్యయాలు లేవు. అయిపోయినదాన్ని గొంతు దించి, కాబోయేదాన్ని గొంతు ఎత్తి చెప్పాలి. క్రియ ముందే రావాలి, ఎందుకంటే ఊపిరి నిండుగా ఉన్నప్పుడే ముఖ్యమైన మాట బయటపడాలి. వీటన్నిటిలో నాకు బాగా గర్వంగా ఉన్న నియమం ఇంకొకటి ఉంది. మాటలో మొదటి శబ్దాన్ని ఎంత సాగదీస్తే అంత గౌరవం. తోటివాళ్లకు లూమ ఇస్తాం, పెద్దవాళ్లకు లూఊఊమ ఇస్తాం. కాబట్టి మా చెల్లెలు ఎక్కడైనా ఆగి సాగదీసినా తప్పు కాదు, మర్యాద. ఆ నియమం ఎందుకు పెట్టానో తనకు చెప్పలేదు. చెప్పకుండానే తెలుసని ఇప్పుడు అనిపిస్తుంది.

రెండు నెలల్లో చెల్లెలు వాగుడుకాయ అయి కూర్చుంది. పొద్దున్న పళ్లు తోముకునేటప్పుడు మొదలుపెడితే పడుకునే దాకా ఆపేది కాదు. ఎనిమిదేళ్లుగా లోపల దాచుకున్నదంతా నా మీద కుమ్మరించింది. అవ్వ మొదట్లో నోరు తెరుచుకుని చూసింది. "ఏంది బిడ్డా గిది, ఏ దేశం మాట?" అని అడిగింది. చెల్లెలు ఓపిగ్గా నేర్పించింది. అవ్వకు అబ్బింది ఒక్కటే మాట. దాన్నే పాలు పితుకుతూ "ఓమలు, ఓమలు" అని బర్రె వీపు నిమిరేది. "ఇగ నా బర్రె గూడ మీ భాషల్నే పాలిస్తది" అని నవ్వేది.

అమ్మకు మాత్రం నచ్చలేదు. "ఏం మేయ్, ఉండే తెలుగు గూడా పోగొడతాండావే పిల్లకి! రేపు బడిలో ఎట్ల మాట్లాడతాది?" అంది.

"నేనుండాను గదమ్మా" అన్నాను. ఆ జవాబుకు నేనే మురిసిపోయాను.

చెల్లెలు నాలుగో తరగతి, నేను ఏడు. ఒకటే బడి. టీచర్లు తనను ఏదైనా అడగాల్సి వస్తే నన్ను పిలిపించడం అలవాటైంది. తను మా భాషలో చెబితే నేను తెలుగులో చెప్పేదాన్ని. ఆ ఏడాది బడిలో నా అంత గొప్ప మనిషి లేదు. పోనుపోను తను రెండు మాటలు చెబితే నేను ఆరు చెప్పడం మొదలుపెట్టాను. తను తప్పు జవాబు చెబితే తెలుగులోకి మార్చే దారిలోనే దిద్దేసేదాన్ని. అంతా సాయమే అనుకున్నాను.

పరీక్షల ముందు పెద్దమేడం అమ్మను పిలిపించారు. ఆమెది కోస్తా వైపు. "వచ్చే ఏడాది అక్క హైస్కూలుకి వెళ్లిపోతుంది కదండీ. ఈ అమ్మాయి తనంతట తాను చెప్పగలిగితేనే ఐదుకి పంపుతాను. లేదంటే ఇంకో ఏడాది నాలుగులోనే ఉండాలి" అన్నారు. అమ్మ తల ఊపి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తన తోటివాళ్లంతా పైకి పోయాక చిన్నపిల్లల మధ్య చెల్లెలు కూర్చోవడం తలుచుకుంటే నాకు అన్నం సహించలేదు.

పరీక్ష రోజు పెద్దమేడం మెత్తగానే మాట్లాడారు. "నువ్వు చూసిన ఒక జంతువు గురించి చెప్పమ్మా. ముందు మీ భాషలోనే చెప్పు, అక్క మాకు చెబుతుంది. భయం పోయాక నువ్వే తెలుగులో చెప్పాలి" అన్నారు. అమ్మ గుమ్మం దగ్గర నిలబడి ఉంది.

చెల్లెలు చెప్పడం మొదలుపెట్టింది. ఆ నెలలోనే అవ్వ బర్రె దూడ చచ్చిపోయింది. దూడ లేకపోతే బర్రె చేపదు, పాలు వదలదు. అందుకని అవ్వ దూడ తోలులో గడ్డి కూర్పించి, బర్రె ముందు నిలబెట్టి పాలు పితికేది. ఆ సంగతే చెల్లెలు చెప్పింది. బర్రె ఆ గడ్డి దూడను వాసన చూస్తుందని, మొహం తిప్పుకుంటుందని, మళ్లీ వచ్చి నాకుతుందని.

పరీక్షలో ఎవరైనా చావు, తోలు, గడ్డి గురించి చెబుతారా? వెంటనే గొంతు సవరించుకుని అప్పజెప్పాను. "బర్రె పెంపుడు జంతువు మేడం. దానికి నాలుగు కాళ్లు, రెండు కొమ్ములు ఉంటాయి. అది మనకు పాలిస్తుంది."

చెల్లెలు నా వైపు తిరిగింది. మా భాషలో, గౌరవం ఏమాత్రం లేకుండా, "బయటికి పో" అంది.

"అయిపోయిందంట మేడం" అన్నాను.

తను బల్ల అంచు పట్టుకుంది. మెడ ముందుకు చాచింది. "కా... కా..." నేను అందుకోబోయాను. పెద్దమేడం నా వంక చూడకుండానే అరచేయి అడ్డం పెట్టారు. "కాదు" అని వచ్చింది చివరికి. ఇక ఆగలేదు. ఒక్కో మాట దగ్గరా ఆగింది కానీ, చెప్పడం ఆపలేదు. తెలుగంతా అవ్వ తెలుగే. "దూ... దూడ సచ్చిపోయింది. అవ్వ గ... గడ్డి నింపించింది. గది దూడ గాదని బ... బర్రెకు ఎరుకే. ఎరుకుండి గూడ నాకుతది."

"ఎందుకమ్మా?" అని అడిగారు పెద్దమేడం.

"ఇంకేం జేస్తది?"

పెద్దమేడం రిజిస్టర్‌లో ఏదో రాసుకుని, "సెలవుల్లోనే ఐదో తరగతి పుస్తకాలు తీసుకోండి" అని అమ్మతో అన్నారు. అమ్మ ఏడ్చేసింది. నాకు సంతోషం కంటే ముందు సిగ్గు వచ్చింది. ఏడాదంతా నేను మేడం వాళ్లకు వినిపించింది చెల్లెల్ని కాదు, నన్ను. ఇంత మాట లోపల పెట్టుకున్న పిల్ల నోట్లో నాలుగు కాళ్లు, రెండు కొమ్ములు పెట్టాను.

ఇంటికి వచ్చేదారిలో బండలు పేలుస్తున్నారు. ఎర్రజెండా మనిషి ఈల వేసి రోడ్డు మీద అందరినీ ఆపాడు. అమ్మ ముందుకు వెళ్లి, ఎవరో తెలిసినావిడ కనిపిస్తే పరీక్ష సంగతి చెబుతోంది. నేను చెల్లెల్ని మా భాషలో "కోపమా?" అని అడిగాను. లేదన్నట్టు తల ఊపింది. కాసేపు చెప్పు మొనతో మట్టి గీకింది.

"అక్కా, వచ్చే ఏడు నువ్వు లేకుంటే, నాకు... నాకు భ... భ..."

ఏ మాట కోసం పెనుగులాడుతోందో నాకు తెలుసు. అందించడానికి నోరు కూడా తెరుచుకుంది. పళ్లు బిగించుకుని నిలబడ్డాను. బండ పేలింది, దుమ్ము లేచింది, జనం కదిలారు. మేమిద్దరం కదల్లేదు.

"భయమైతది" అంది.

"నాకూ" అన్నాను.