జమున ఆకు కోతకు వెళ్లిన వేసవి

2023 వేసవి. పాల్వంచలో కంపెనీ క్వార్టర్ల వెనక వీధిలో ఒక కిరాయి ఇంటికి నేను సూపర్‌వైజర్‌ని. మానసిక ఎదుగుదల తక్కువగా ఉన్న నలుగురు ఆడవాళ్లు అందులో ఉండేవారు. దీన్ని ‘సపోర్టెడ్ లివింగ్’ అంటారు. అంటే హాస్టల్ కాదు, ఆసుపత్రి అంతకన్నా కాదు. వాళ్ల ఇంట్లో వాళ్లుంటారు, అవసరమైన చోట మేం చెయ్యందిస్తాం.

ఆ నలుగురిలో జమున ఒకరు. వయసు ముప్పై దాటింది, మాట తక్కువ. అడవి పక్క తండా నుంచి, తల్లి పోయాక, అంతకుముందు చలికాలంలోనే అన్న బాలాజీ తెచ్చి చేర్పించాడు. వేసవి దాకా ఏ గొడవా లేదు. ఎండలు ముదిరాక మాత్రం తెల్లవారకముందే లేచి గేటు దాటడం, ఇంటి ఓనర్ బాదం చెట్టు కింది కొమ్మలు దూసెయ్యడం మొదలుపెట్టింది. గేటుకు తాళం వేస్తే తల బాదుకుంది. నుదురు చిట్లింది.

ఇలాంటి వాటికి మా వృత్తిలో ‘ఛాలెంజింగ్ బిహేవియర్’ అని ఒక పేరుంది. తనకో ఇతరులకో దెబ్బ తగిలేలా ప్రవర్తించడం అని అర్థం. పేరు పెట్టేశాక ఆలోచించడం మానేస్తాం, అదీ దాంతో వచ్చిన చిక్కు. ఆమెను పంపకపోతే ఇల్లు ఖాళీ చెయ్యమన్నాడు ఓనర్. ఇలాగే ఉంటే రోజూ వేసే మందు పెంచుతానన్నాడు డాక్టర్. బాలాజీ అయితే, “తీస్కపోత మేడం. గదిల వెట్టి గొళ్లెం ఏస్త. ఏం జేస్త మరి?” అన్నాడు.

మర్నాడు నేను పొద్దున్నే వెళ్లాను. నీళ్ల ట్యాంకు వెనక కూర్చుని ఉంది జమున. బాదం ఆకుల తొడిమలన్నీ ఒకే వైపుకు పేర్చి, గోనె సంచి నుంచి లాగిన నారతో కట్ట కడుతోంది.

“ఏంది జమునా గిది?”

“ఆకు. కల్లం కాడికి వోవాలె. పొద్దెక్కుతుందక్కా.”

మాది భద్రాచలం వైపు. తునికాకు కట్టను గుర్తుపట్టలేనా? బీడీలు చుట్టే ఆ ఆకును ఎండాకాలంలో తెల్లారగట్లే కోసి, కట్టలు కట్టి, ఆకు కొనే కల్లంలో అప్పగిస్తారు. నాకు ముందు నవ్వొచ్చింది, తర్వాత ఒళ్లు మండింది. మా కేర్ ప్లాన్‌లో ఆమెకు స్నానం, భోజనం, టీవీ, రంగులు వేయడం ఉన్నాయి. అంత మనిషికి రంగు పెన్సిళ్లు!

బాలాజీకి ఫోన్ చేశాను.

“అవ్ మేడం. అమ్మ ఉన్నన్నాళ్లు ఏటా ఇద్దరు గల్సి పోయేటోళ్లు. మీరు అడగలే, నేను జెప్పలే.”

“అయితే తోల్కొస్తున్నం. ఆకు అయిపోయేదాంక మీ ఇంట్లనే ఉంటది.”

“వద్దు మేడం! అడవిల తప్పిపోతే?”

“మా స్వరూప ఎంబడి ఉంటది. నేను గూడ వచ్చిపోత.”

స్వరూప మా కేర్ వర్కర్, గట్టి పిల్ల. మా ఆఫీసువాళ్లు మాత్రం, “ఏమైనా జరిగితే బాధ్యత ఎవరిది?” అన్నారు. నాదే అన్నాను. ఇంటి ఓనర్‌ను బతిమాలలేదు. సీజన్ అయ్యేదాకా ఆగండి, అప్పటికీ మీ మాట అదే అయితే ఖాళీ చేస్తాం అని చెప్పాను. గొణిగాడు కానీ ఒప్పుకున్నాడు.

తండాలో మొదటిరోజే స్వరూప వెనకబడిపోయింది. “ఆమెకు నేను సపోర్టా, నాకు ఆమె సపోర్టా మేడం?” అని ఫోన్‌లో ఒకటే నవ్వు. వారం తర్వాత నేను వెళ్లేసరికి జమున ఆడవాళ్ల మధ్య కూర్చుని కట్టలు కడుతోంది. నుదుటి గాయం మానింది. అన్నం పెట్టుకుని తానే తింటోంది, పొద్దుగూకగానే నిద్రపోతోంది. డాక్టర్‌కు ఇదంతా చెప్తే, మందు పెంచే అవసరమే లేదన్నాడు.

ఆకు అయిపోయింది. తీసుకెళ్దామని జీపులో వెళ్లాను. బాలాజీ భార్య జమున బట్టల సంచి సర్దింది. బాలాజీకి మాత్రం మనసొప్పలేదు.

“ఈడ మంచిగనే ఉన్నది గద మేడం. ఉండనియ్యండ్రి.”

“నన్నెందుకు అడుగుతవ్? ఆమెనే అడుగు.”

అతను తమ భాషలో అడిగాడు. జమున సంచి విప్పి తన బట్టలు ఒక్కొక్కటీ చూసుకుంది. నేను తొందరపెట్టలేదు. చివరికి నా వైపు తిరిగి, తెలుగులో చెప్పింది.

“పాల్వంచ పోత అక్కా. ఆకుకు మల్ల వస్త.”

సంచి తానే అందుకుని జీపెక్కింది. బాలాజీ కళ్లు తుడుచుకున్నాడు. ఆమె ఎక్కడుండాలో అన్న, డాక్టర్, ఓనర్, నేను, అందరం తలా ఒక మాట చెప్పినవాళ్లమే. ఆమెను అడగడం మాత్రం అదే మొదటిసారి.

ఓనర్ ఖాళీ చెయ్యమనే మాట మళ్లీ ఎత్తలేదు. ఇప్పుడు మా ఇంటికి ఎవరొచ్చినా, జబ్బు సంగతి తర్వాత. నీకు ఏ పని వచ్చు, ఎక్కడుండాలని ఉంది అని ముందు ఆ మనిషినే అడుగుతాను. జవాబు వచ్చేదాకా కూర్చుంటాను.