అప్పలరాజు గారి పెద్దకర్మకు అప్పలరాజు గారే వచ్చారు

కోవిడ్ సద్దుమణిగిన తర్వాతి వేసవిలో, బిలాస్‌పూర్ శివారు తిఫ్రాలో లారీ ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు మేడ మీదున్న ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో జూనియర్ డెవలపర్‌గా చేరాను. ముప్పై నిండకముందే ఆ వృత్తి నుంచి రిటైరయ్యాను. మా ఇంట్లో దీన్ని ఉద్యోగం మానేయడం అంటారు.

నాకు అప్పగించింది తెలుగు రైల్వే కుటుంబాల కమ్యూనిటీ హాలు వెబ్‌సైట్. ఎవరి కార్యం, ఏ కార్యం అన్న రెండు గళ్లు నింపితే హాలు ఖాయమై, సభ్యులందరికీ మెసేజీ వెళ్తుంది.

పాత సర్వర్‌లో ప్రతి రిక్వెస్ట్‌కూ ఒక థ్రెడ్, అంటే విడిగా ఒక పనివాడు. కార్యం ఎవరిదో ఆ పేరును అతని జేబులో ఉంచేవారు. మా టీమ్ లీడ్ ప్రసాదన్న వేగం కోసం ఫైబర్ల సర్వర్‌కు మార్చాడు. ఇందులో ప్రతి రిక్వెస్టూ ఒక ఫైబర్, అంటే మధ్యలో ఆపి మళ్లీ కదిలించగల పని; ఒకే పనివాడు అలాంటివి చాలా చూస్తాడు. ఒకటి డేటాబేస్ జవాబు కోసం ఆగితే, లూప్ లైన్లో గూడ్సును నిలిపి ఎక్స్‌ప్రెస్‌ను వదిలినట్టు, ఇంకోదాన్ని నడిపిస్తాడు. పేరు మాత్రం పాత జేబులోనే ఉండిపోయింది. ఇప్పుడు ఆ జేబు ఊరందరిదీ.

సీపత్ నుంచి సింహాచలం గారు వాళ్లమ్మ పెద్దకర్మకు ఆదివారం మధ్యాహ్నం హాలు అడిగారు. ఆ రిక్వెస్ట్ డేటాబేస్ దగ్గర ఆగింది. సరిగ్గా అప్పుడే తోర్వా నుంచి లోకో పైలట్ అప్పలరాజు గారు తన రిటైర్మెంట్ విందుకు అదే రోజు సాయంత్రం అడిగారు. ఆయన పేరు జేబులో పడింది. ఆగిన రిక్వెస్ట్ కదిలి ఆ పేరు తీసుకుంది. "శ్రీ అప్పలరాజు గారి పెద్దకర్మ" అని అందరికీ మెసేజీ వెళ్లింది. ఒక పేరుకు రోజుకొకటే బుకింగ్ అన్నది నియమం కనుక విందును సిస్టం తిరస్కరించింది.

అప్పలరాజు గారు స్కూటర్ మీద ఆఫీసుకొచ్చారు.

"ఏటి బాబూ, నాను పోయినానని నాకే మెసేజీ పెట్టినారు? మా ఆవిడకి పొద్దున్నుంచీ పరామర్శ ఫోన్లు. సగం నమ్మేసినాది."

మేం హాలు సెక్రటరీకి ఫోన్ చేస్తే, సిస్టంలో పోయినవారికి విందు ఇవ్వలేమనీ, కావాలంటే లైఫ్ సర్టిఫికెట్ తెమ్మనీ అన్నారు.

"పింఛనే మొదలవలేదు, అప్పుడే లైఫ్ సర్టిఫికెట్టేటి! ఇన్నేళ్లు బండి నడిపినాను. నావోళ్లకి ఒక పూట అన్నం పెట్టుకోనీరా?" అని ఆయన కూర్చుండిపోయారు. తెచ్చిన టీ ముట్టలేదు.

ప్రసాదన్న తెర వంక చూస్తూ, "అచ్ఛా... టెస్టింగ్‌మే తో సబ్ ఠీక్ థా" అన్నాడు, టెస్టింగ్‌లో అంతా బాగానే ఉందని. నిజమే. టెస్టింగ్ చేసింది ప్రసాదన్న ఒక్కడే, ఒకసారికి ఒక బుకింగే. ఒంటరివాడి పేరు ఎవరి పేరుతో కలుస్తుంది?

పేరును పనివాడి జేబులోంచి తీసి ఫైబర్ సొంత నిల్వలో పెట్టాం. రిక్వెస్ట్ ఎక్కడ ఆగినా దాని సామాను దానితోనే ఉంటుంది. మెసేజీ పంపడానికి అది పిల్ల ఫైబర్‌ను పుట్టిస్తే, దానికీ ఆ పేరు నకలు ఒకటి అందుతుంది. రికార్డు సరిచేశాక, సిస్టం ఒప్పుకుంది కనుక సెక్రటరీ కూడా ఆయన బతికున్నట్టు ఒప్పుకున్నారు.

సవరణ మెసేజీ పంపాం. దాన్నెవరూ చదవలేదు. ఆదివారం మధ్యాహ్నం బంధువులు తెల్లబట్టల్లో, ఏడుస్తూ దిగారు. వంటవాళ్ల కోసం గేటు దగ్గర నిలబడ్డ అప్పలరాజు గారిని చూసి వాళ్ల వదిన గారు కళ్లు తుడుచుకుని తిట్టారు: "బతికుంటే ఫోన్ చేసి చెప్పొద్దేటి!" ఎలాగూ వచ్చారు కనుక బంధువులంతా సింహాచలం గారి అమ్మ ఫొటోకు దణ్ణం పెట్టి, భోంచేసి, సాయంత్రం విందుకూ ఉండిపోయారు. అంత జనం ఏ రిటైర్మెంటుకూ రాలేదని తర్వాత చెప్పుకున్నారు.

ఆ తర్వాత ఏ ప్రోగ్రాం పరీక్షించినా ఒకే క్షణంలో ఒక పెళ్లినీ ఒక చావునూ పంపి చూసేవాణ్ణి. ఎవరిది వాళ్లింటికి చేరితేనే సరే అనేవాణ్ణి.