గాలి కబురు చెప్పిన గొంతు

ఈ మధ్యాహ్నం చేవెళ్ల రోడ్డు మీద ఒక్కసారిగా దుమ్ము లేచింది. తడి మట్టి వాసన తగలగానే స్కూటీ ఆపి, గాలి ఎటు నుంచి వస్తోందో చెంపతో పట్టి చూశాను. ఈ అలవాటు నాకు వసుంధర మేడమ్ నుంచి వచ్చింది.

మొయినాబాద్ దాటాక పొలాల మధ్య చిన్న విమాన శిక్షణ కేంద్రం ఒకటి ఉండేది. ఆ పక్కనే ఉన్న మా ఊరు హిమాయత్‌నగర్ నుంచి షేర్ ఆటోలో వెళ్లి అక్కడ టెక్నీషియన్‌గా చేరాను. అదే నా మొదటి ఉద్యోగం. మేడమ్ నా బాస్. గుంటూరు వైపు మనిషి, మోకిలలో ఇల్లు. గాలినీ మబ్బునీ తనంతట తానే కొలిచి, పైలట్లకు రేడియోలో చెప్పే యంత్రాన్ని అక్కడ నిలబెట్టాలని ఐటీ ఉద్యోగం వదిలి వచ్చారు.

ఆ యంత్రానికి గొంతు కావాలి. అంకెలూ కొన్ని మాటలూ ఎవరైనా ఇంగ్లీషులో చదివి పెడితే, కొలతలను బట్టి వాటిని కలుపుకొని అదే పలుకుతుంది. సిటీ నుంచి యాంకర్‌ను పిలిపిద్దామన్నారు కేంద్రం యజమాని. మేడమ్ నా వైపు చూశారు.

"నా ఇంగ్లీష్ల మా ఊరి యాస కొడ్తది మేడమ్. పైలట్లు నవ్వుతరు."

"నవ్వనీ. నువ్వు ఒక్క అక్షరం కూడా మింగవు. పైనున్నవాళ్లకి కావాల్సింది అదే."

ఫ్యాను ఆపించి, కిటికీకి బొంత కట్టి, నాచేత చదివించారు. 'నైన్' అంటే ఒప్పుకోలేదు. "రేడియో గరగరలో అది ఫైవ్‌లా వినబడుద్ది. నైనర్ అను. మళ్లీ." గొంతు బొంగురుపోతే మిరియాల పాలు తెచ్చి తాగించి, మర్నాడు మళ్లీ మొదలుపెట్టారు.

ఆ ఎండాకాలం, నౌషీన్ అనే విద్యార్థిని ఒంటరిగా విమానం నడుపుతుండగా చిన్న మంగళారం వైపు నుంచి గాలివాన కమ్ముకొచ్చింది. కరెంటు పోయింది, జనరేటర్ అందుకోలేదు. ఆమెతో మాట్లాడే మా రేడియో మూగబోయింది. గాలేమో దిక్కు మార్చుకుంది. బయలుదేరిన వైపు నుంచే దిగితే వెనక నుంచి తోసి రన్‌వే దాటించేస్తుంది.

యంత్రానికి మాత్రం సొంత బ్యాటరీ ఉంది. మేడమ్ చిన్న రిసీవర్ చెవికి ఆనించుకుని, "పలుకుతోందే! నీ గొంతు పలుకుతోంది!" అని నా చేయి గట్టిగా పట్టుకున్నారు.

"నౌషీన్ వింటున్నదా మేడమ్?"

మేడమ్ రిసీవర్ వదలకుండా ఆకాశం వైపు చూశారు. విమానం మా నెత్తి మీదుగా వెళ్లిపోయింది. అంతలోనే అది పెద్ద చుట్టు తిరిగి, రెండో కొస నుంచి, గాలికి ఎదురుగా, మెల్లగా నేలను తాకింది.

నౌషీన్ తడుస్తూ పరుగెత్తుకొచ్చింది. "గాలి తిరిగిందని చెప్పిన అక్క ఎవరు? ఎంత సాఫ్‌గ చెప్పింది!"

మేడమ్ నన్ను ముందుకు తోశారు. ముగ్గురం ఒకరినొకరు పట్టుకుని వానలో కేకలు వేస్తూ ఎగిరాం. మర్నాడు మా బాపు చాయ్ హోటల్లో అందరికీ చాటాడు: "మా బిడ్డ చెప్తెనే విమానాలు దిగుతయ్, ఫికర్ చెయ్యకుండ్రి!"

మేడమ్ ఇప్పుడు వేరే రాష్ట్రాల్లో చిన్న రన్‌వేల పక్కన ఇలాంటి యంత్రాలే నిలబెడుతున్నారు. నేనూ ఇప్పుడు నలుగురిలో నోరు విప్పడానికి భయపడే పిల్లను కాను. ఎంత పెద్ద సమావేశంలోనైనా "ఎవరు మాట్లాడతారు?" అని అడిగితే, మొదట లేచే చేయి నాదే.