నల్లటేపు చుట్టిన పొట్లం

టేపుల అన్న పోయాడని ఆయన షాపు పక్కన పంక్చర్లు వేసే అతను ఫోన్ చేశాడు. పొద్దున ఏడు కూడా కాలేదు. "అన్న పోయిండే. గుండె ఆగిందట" అన్నాడు. నేను నమ్మలేదు. ముందురోజు మధ్యాహ్నమే ఆ షాపు ముందు నుంచి పోతూ చెయ్యి ఊపాను, ఆయనా ఊపాడు. ఎవరో ఆట పట్టిస్తున్నారనుకుని ఫోన్ పెట్టేసి, అదే నంబరుకు మళ్లీ నేనే చేశాను. అతనే ఎత్తాడు. ఏడుస్తున్నాడు. అప్పుడు నమ్మాను. చావు కబురును కూడా రెండుసార్లు సరిచూసుకునే మనిషిని నేను. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఆయనకు నేను చేసిన అన్యాయమంతా ఈ గుణం నుంచే వచ్చింది.

ఆయన జనగామలో జీపులకు, కార్లకు టేపులు బిగించేవాడు. సీడీలు వచ్చినా, పెన్‌డ్రైవులు వచ్చినా మా జనానికి అవి టేపులే, ఆయన టేపుల అన్నే. సొంతూరు గార్ల దగ్గర ఒక తండా. ఇంట్లో వాళ్ల భాష, షాపులో మా భాష మాట్లాడేవాడు. నేను లింగాల ఘనపూర్ నుంచి జనగామకు జీపు తోలేవాణ్ని. ఉద్యమం వేడి మీదున్న రోజుల్లో సభలున్నప్పుడల్లా జీపును ఒక పాటల బృందానికి ఇచ్చి, నేనే నడిపేవాణ్ని. బృందాన్ని నడిపించేది మా ఊరి అక్క. కూలికి పోతూనే పాట కట్టే మనిషి. గొంతు సన్నం. డప్పు అందుకుంటే ఆమె మాట మునిగిపోయేది. "దరువు సంగతి సరే తమ్మీ, మాట ఇనపడకుంటే పాట ఎందుకు?" అని ఆమె విసుక్కున్నాకే నేను టేపుల అన్న షాపు మెట్లెక్కాను.

నా జీపు డ్యాష్‌బోర్డులో చిన్న డబ్బాకు తప్ప చోటు లేదు. అక్కడ పెద్ద సెట్టు, దాని కింద శబ్దాల హెచ్చుతగ్గులు సరిచేసే ఏడు మీటల ఈక్వలైజర్ పట్టాలి. ఆయన అట్టముక్క మీద కొలత గీశాడు. కత్తిరించి పెట్టి చూసి, పారేసి, మళ్లీ గీశాడు. నాలుగో అట్ట సరిపోయాకే రంపపు బ్లేడు చేతపట్టాడు. కోసిన అంచును ఆకురాయితో రుద్దీ రుద్దీ నున్నగా చేశాడు. పాత హవాయి చెప్పులను సన్నగా కోసి సెట్టు చుట్టూ దూర్చాడు, గుంతల్లో బండి ఎగిరినా గడగడమనకుండా.

నేను స్టూలు వేసుకుని కన్నార్పకుండా చూస్తూ కూర్చున్నాను. కాపలా లేకపోతే మెకానిక్కులు మంచి సామాను తీసేసి పాతది పెడతారని నా గట్టి అభిప్రాయం. ఆయన అది కనిపెట్టాడు. కోపం తెచ్చుకోలేదు. తీసిన ప్రతి స్క్రూను తెచ్చి నా అరచేతిలో పెట్టాడు. "పట్టుకో తమ్మీ, నీవి నీకాన్నే ఉంటయి" అన్నాడు.

బిగించడం అయ్యాక జీపులో కూర్చుని, అద్దాలన్నీ ఎత్తుకుని, అరగంట బయటికి రాలేదు. లోపల ఏం చేస్తున్నాడో నాకు అర్థం కాలేదు. తర్వాత అక్కను, డప్పు కొట్టేవాళ్లను పిలిపించి, అక్క చేతికి మైకిచ్చి పాడమన్నాడు. ఎడమ పక్క మీటలు రెండు కిందికి దించాడు, నడిమివి పైకి జరిపాడు. "డప్పును జర ఎనక్కి జరుపుదమక్కా. నీ మాట ముందటికొస్తది" అన్నాడు. నిజంగానే వచ్చింది. అక్క తన గొంతు తనే విని నవ్వింది. ఆయన మాత్రం నా వైపు తిరిగి, "నన్ను నమ్మకు. నువ్వే ఇను" అన్నాడు. ప్రతి గిరాకీకీ చెప్పే మాటే అది. నన్ను నమ్మకు అని తన గురించి తానే చెప్పే మనిషిని ఎట్లా నమ్మడం?

ఆ నెలలోనే పోలీసులు మా జీపును రెండుసార్లు దారిలో ఆపారు. రెండుసార్లూ సభ దగ్గరికి చేరకముందే. మేం ఎక్కడికి పోతున్నామో వాళ్లకు ముందే తెలుసు. ఒకసారి మహబూబాబాద్ పొలిమేరలో మైకులు దింపించి, ఠాణాలో పెట్టుకుని, సభ ముగిశాక ఇచ్చారు. ఎవరో ఉప్పందిస్తున్నారని బృందంలో గుసగుసలు మొదలయ్యాయి. నా చూపు టేపుల అన్న మీద పడింది. అద్దాలు ఎత్తుకుని అరగంట కూర్చున్నాడు కదా. వైర్లు చూపించడానికి పోయినప్పుడల్లా "ఎటు పోతున్నరు? ఏ తొవ్వ?" అని అడిగేవాడు కదా. మట్టిరోడ్డయితే ఇంకో రెండు చెప్పుముక్కలు దూర్చాలని అడిగేవాడట, అద్దాలెత్తేది ఎక్కడ ఏ రేకు అదురుతుందో వినడానికట. ఇవన్నీ తర్వాత తెలిశాయి. అనుమానం వచ్చినవాడికి తర్వాత దాకా ఓపిక ఉండదు.

ఒక పొద్దున ఇంటి దగ్గర డ్యాష్‌బోర్డు నేనే విప్పాను. ఈక్వలైజర్ వెనక, బొటనవేలంత పొట్లం. చుట్టూ నల్లటేపు. దానికి వైరు లేదు. పని లేని వస్తువు అక్కడెందుకుంటుంది? మా మాటలు పట్టే యంత్రమేదో అయి ఉంటుందనుకున్నాను. విప్పితే ఏమవుతుందోనని భయం వేసింది. విప్పకుండానే తీసుకుపోయి ఊరి బయట పాడుబడ్డ బావిలో వేశాను. నీళ్లలో బుడుంగుమన్న ఆ చప్పుడు ఇప్పటికీ నాకు గుర్తుంది.

అయినా తృప్తి లేదు, రుజువు కావాలి. ఆయనకొక్కడికే ఒక అబద్ధం చెప్పాను. "అన్నా, ఎల్లుండి పొద్దున పదింటికి గార్లల మా పాట." ఆయన మొహం వెలిగింది. "గార్లనా? నిజమేనా?" అని రెండుసార్లు అడిగాడు. నేను ఇంకా మెట్లు దిగకముందే ఫోన్ తీసి వాళ్ల భాషలో గబగబా మాట్లాడాడు. అందులో నాకు అర్థమైంది గార్ల అన్న ఒక్క మాటే. ఆ ఒక్కటి చాలనుకున్నాను.

ఎల్లుండి నేను ప్యాసింజరు బండిలో గార్లకు పోయి, రోడ్డుకు ఎదురుగా ఉన్న చాయ హోటల్లో తలకు తువ్వాల చుట్టుకుని కూర్చున్నాను. పదయింది. పోలీసులు రాలేదు. టేపుల అన్న వచ్చాడు, భుజాన పనిముట్ల సంచితో. వెంట తండా మనుషులు ఏడెనిమిది మంది. ఒక ముసలామెకు మూసిన దుకాణం మెట్ల మీద తన తువ్వాల పరిచి కూర్చోబెట్టాడు. మాటిమాటికీ రోడ్డు వైపు చెయ్యి చూపించి వాళ్లకేదో చెబుతున్నాడు. ఎండ నడినెత్తికి వచ్చేదాకా నిలబడ్డారు. నేను మూడు చాయలు తాగాను. చివరికి ఆయన సంచి సర్దుకుని, ముసలామె చెయ్యి పట్టుకుని లేపాడు. జీపును గుర్తుపట్టి చూపించడానికే వచ్చాడు, పోలీసులకు వేరే పని తగిలి ఉంటుంది, అని తేల్చుకున్నాను. అనుమానం ముదిరితే పోలీసులు రాకపోవడం కూడా సాక్ష్యమే.

మర్నాడు ఆయన అడిగాడు, "గార్ల పోలేదా తమ్మీ?" "క్యాన్సిలైందన్నా" అన్నాను. "ఒక్క ఫోన్ కొట్టకపోయినవా" అని ఊరుకున్నాడు. నేను ఊరుకోలేదు. తెలిసిన జీపులవాళ్లందరి చెవిలో వేశాను. ఆ తర్వాత చాలా రోజులు ఆయన షాపు ముందు ఉద్యమం జెండా ఉన్న బండి ఆగలేదు.

సమ్మె రోజుల్లో భూపాలపల్లికి పోయాం. బొగ్గు బాయిలు బంద్, బస్సులు బంద్, దుకాణాలు బంద్. కార్మికుల క్వార్టర్ల దగ్గర టెంటు వేశారు. రోడ్డు నిండా జనం, అవతలి పక్క పోలీసులు. అక్క పాట అందుకుంది. రెండో చరణంలో సెట్టు గుటుక్కుమంది. ఫ్యూజు పోయింది. అక్క పాడుతూనే ఉంది కానీ ముందు రెండు వరుసలకు తప్ప వినపడటం లేదు. వెనక జనం లేచి కదులుతున్నారు. ఫ్యూజు కొందామంటే తెరిచిన దుకాణం లేదు. అక్క నా వైపు చూసింది. వేరే దారి లేక, నేను ఊరంతా దొంగను చేసిన మనిషికే ఫోన్ చేశాను.

"పరేషాన్ గాకు" అన్నాడు ఆయన. "ఈక్వలైజర్ ఎనక చెయ్యి వెట్టి సూడు. నల్లటేపు సుట్టిన పొట్లం ఉంటది. రెండు ఫ్యూజులు దాసివెట్టిన, ఆపతికి అక్కెరొస్తయని."

"లేదన్నా. ఎక్కడో పడిపోయినట్టుంది" అన్నాను.

"నేను సుట్టిన టేపు ఊడదు తమ్మీ" అన్నాడు మెల్లగా. వెంటనే గొంతు మార్చి, "సరే, సిగరెట్ డబ్బల ఎండి కాయితం ఉంటది సూడు, దాన్ని పాత ఫ్యూజుకు సుట్టు. ఒక్క పాటకే. అయిపోంగనే పీకెయ్యి, లేకుంటే తీగలంటుకుంటయ్" అన్నాడు. ఆ వెండి కాగితం తీసి చుట్టాను. అక్క గొంతు లేచింది. లేచిన జనం మళ్లీ కూర్చున్నారు. నేను మాత్రం స్టీరింగు మీద తల పెట్టుకుని సిగ్గుతో చచ్చిపోయాను.

ఉప్పందించింది ఎవరో కూడా త్వరలోనే తేలింది. అక్క ఒక రోజు జీపు అడ్డాకు వచ్చి, బండి వెనక నేను వేలాడదీసే పలక చదివింది. సభ ముందురోజు నా ప్రయాణికులు ఇబ్బంది పడకూడదని నేనే రాసి పెట్టేవాణ్ని, రేపు బండి రాదు, ఫలానా ఊళ్లో పాట ఉంది అని. రోజూ నా జీపులో వచ్చిపోయేవాళ్లలో జనగామ ఠాణాలో పనిచేసే కానిస్టేబులూ ఉన్నాడు. "ఇన్ఫార్మర్ దొరికిండు తమ్మీ" అంది అక్క, పలక నా చేతికిస్తూ.

ఆయనకు చెప్పాలని ఎన్నిసార్లో షాపుకు పోయాను. చాయ తెప్పించేవాడు. తాగి వచ్చేవాణ్ని. నిజం చెబితే, నా మనసులో ఒక ముల్లు మిగిలే ఉంది. అన్నీ సరే, గార్లకు ఎందుకు వచ్చాడు? రాష్ట్రం వచ్చింది, జీపు అమ్మి కారు కొన్నాను. ఆ పాత ఈక్వలైజర్‌నే కారులో పెట్టమంటే ఆయన నవ్వి, మళ్లీ నాలుగు అట్టముక్కలు కోసి, మళ్లీ డ్యాష్‌బోర్డు కోశాడు. ఈసారి నేను స్టూలు వేసుకోలేదు, చాయ హోటల్లో కూర్చున్నాను. ఈ డ్యాష్‌బోర్డు నా చేతితో విప్పనని ఒట్టు పెట్టుకున్నాను. ముల్లు మాత్రం అట్లాగే ఉంది.

మొన్న ఆయన్ని తండాకు తీసుకుపోయారు. నేనూ పోయాను. అంతా అయ్యాక వాళ్లమ్మ, చూపు సరిగా ఆనని ముసలామె, నా చెయ్యి పట్టుకుని వాళ్ల భాషలో ఏదో అడిగింది. అన్న భార్య ఆ మాటలను మా భాషలో చెప్పింది. "నువ్వు పాటల జీపాయనవేనా అంటున్నది. నా కొడుకు చేసిన సెట్టు గార్లల మోగుతదంటే అందర్ని తోలుకొని పోయినం, పొద్దంత కూసున్నం, బండి రాలే అంటున్నది. తొవ్వల ఖరాబైందని నా కొడుకు చెప్పిండు, నిజమేనా అని అడుగుతున్నది."

ఇన్నేళ్ల ముల్లు అదీ. తల్లికి తన పని వినిపించాలని వచ్చాడు. ఫ్యూజు పోతే వెయ్యడానికి సంచి తెచ్చుకున్నాడు. బండి రాకపోతే నా పరువు కూడా ఆయనే కాపాడాడు.

"ఖరాబు గాలేదక్కా" అన్నాను. "నేనే తేలేదు. అన్న మీద అనుమానపడి అబద్ధం చెప్పిన. అవ్వకు చెప్పు."

ఆమె నన్ను చాలాసేపు చూసింది. తర్వాత ముసలామె వైపు తిరిగి రెండే మాటలు చెప్పింది. ముసలామె తలూపి, నా చెయ్యి నిమిరి వదిలేసింది. అన్న భార్య ఏం చెప్పిందో నాకు తెలియదు. నేను అడగలేదు.

తిరిగి వస్తూ మహబూబాబాద్ దాటాక కారు పక్కకు ఆపాను. ఒట్టు పక్కన పెట్టి, స్క్రూలు విప్పి, ఈక్వలైజర్ వెనక చెయ్యి పెట్టాను. తగిలింది. బొటనవేలంత పొట్లం, గట్టిగా చుట్టిన నల్లటేపు. దాని మీద అంటించిన తెల్లటి ప్లాస్టరు ముక్క మీద బాల్‌పెన్నుతో, ఆయన వంకర అక్షరాల్లో, రెండు మాటలు రాసి ఉన్నాయి.

"గీసారి పారెయ్యకు."

నేను దాన్ని విప్పి చూడలేదు. ఎక్కడిది అక్కడే పెట్టి, స్క్రూలన్నీ బిగించాను.