గేటు గడియారం సవరణ

వేధశాల గడియారాలన్నీ చూసుకునే ఆయన్ని అందరూ సెకనుగారనేవారు. ఆయన్ని టైమెంతయిందని అడగడమంత బుద్ధితక్కువ పని అక్కడ ఇంకోటి లేదు. "ఏ టైము? భూమి టైమా, మన టైమా?" అనేవారు.

మన టైమంటే, గ్రహణాల లెక్కలు తప్పకుండా ఖగోళశాస్త్రం వాళ్లు విడిగా కట్టుకున్న కాలం. ఎప్పుడూ ఒకే తీరుగా నడుస్తుంది. భూమి అలాక్కాదు, ఏళ్లు గడిచేకొద్దీ తన చుట్టూ తాను తిరగడంలో రవ్వంత నెమ్మదిస్తుంది. ఆ రవ్వంతకే ఆయన దాన్ని పనిదొంగ కింద జమకట్టేశారు. భూమి కోసం గడియారాలకి ఒక సెకను కలిపిన రోజున ఆయనకి టీ సహించేది కాదు. ఇంట్లో ఆవిడ అన్నం వడ్డించి పావుగంటయిందంటే, ఏ టైము ప్రకారమని అడిగేవారట. నా ఓపిక ప్రకారం అనేదట ఆవిడ.

లెక్కల విభాగంలో కొత్తగా చేరిన అమ్మాయికి ఆయనంటే హడల్. ఆమె తల్లి మంచంపట్టింది. ఒళ్లు తుడిచి, మందు మింగించి, పక్కింటి పిన్నిగారు వచ్చి కూర్చున్నాకే బయల్దేరాలి. మొదటి వారంలోనే రెండుసార్లు ఆలస్యమైంది. మూడోసారికి ఉద్యోగం ఊడుతుందని డైరెక్టరుగారు వరండాలో నిలబెట్టి చెప్పారు. ఆమె తల్లి సంగతి చెప్పుకున్నా వినలేదు. పక్కనే గడియారం తుడుస్తున్న సెకనుగారు తల కూడా తిప్పలేదు.

మర్నాడు రొప్పుతూ వస్తే, గేటు దగ్గర హాజరు పుస్తకం పైనున్న గడియారంలో తొమ్మిదికి ఇంకా నిమిషం ఉంది. ఆ తర్వాత నాలుగేళ్లు ఒక్కరోజూ ఆలస్యం కాలేదు. తన నడకకే చురుకొచ్చిందని మురిసిపోయేది.

"భూమి నీలా వేళకొస్తే నాకీ తిప్పలెందుకమ్మా" అనేవారు సెకనుగారు, ఆ గడియారానికి కీ ఇస్తూ.

డైరెక్టరుగారు ఓసారి దాని కింద నిలబడి, చేతి గడియారం చూసుకుని, ఏదో తేడాగా ఉందన్నారు. ఏ టైము ప్రకారం తేడా అని సెకనుగారు అందుకున్నారు. అరగంటకి బయటపడ్డ ఆ పెద్దమనిషి మళ్లీ ఆ గడియారం వంక చూస్తే ఒట్టు.

సెకనుగారి ఆఖరి రోజు సాయంత్రం, ఐదు కొట్టగానే, గడియారాల పుస్తకం ఆమెకే అప్పగించారు. పది గడియారాల తప్పులూ సెకనులో నూరో వంతు దాకా రాసున్నాయి. పదకొండోది గేటుది. నాలుగేళ్లుగా రోజూ అదే మాట: 'పన్నెండు నిమిషాలు వెనక. సరిచేయరాదు. తల్లికి మందు పట్టాలి.'

ఆమె గేటు దాకా పరుగెత్తింది. బయటికి వెళ్లబోతున్న ఆయన్ని ఆపింది.

"భూమికి ఒక్క సెకను ఇవ్వడానికి ప్రాణం ఒప్పేది కాదు మీకు. నాకు పన్నెండు నిమిషాలా, బాబాయిగారూ?"

"దానికి ఇంట్లో మంచంపట్టిన అమ్మ లేదుగా."

అంటూ ఆయన గేటు గడియారం వైపు చూశారు. ఐదుకింకా పన్నెండు నిమిషాలు. కొలువు ఇంకా పూర్తికాలేదని గొణుక్కుంటూ, వెనక్కొచ్చి తన కుర్చీలో కూర్చున్నారు.